ఎలుకల మందు, ప్లేగు పాఠం

పోయిన వారం నా ఉద్యోగం ఊడినంత పనైంది. ఊడలేదు కాబట్టి మీ ముందు కూర్చుని చాయ్ తాగుతున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఊరంతా నవ్వేశాక మీరొక్కరు ఆగడం దేనికి?

మా బడి శామీర్‌పేట పక్క పల్లెలో కదా. అక్కడి పిల్లలు వాచకమైతే గడగడా అప్పజెబుతారు. కొత్త కాగితం చేతికిస్తే బిక్కమొహం వేస్తారు. సంగతే తెలియనప్పుడు అక్షరాలు కూడబలుక్కుని ఏం లాభం? అందుకే శుక్రవారం సెలవుకు ముందు, ప్రతి గురువారం ఒక గంట నిజం సంగతులు చదివిస్తున్నాను. కథలుండవు. వాన ఎలా పడుతుంది, రైలింజను ఎలా నడుస్తుంది, ఇలాంటివి. మా అన్న సికింద్రాబాదు నుంచి పంపే పాత పత్రికలే మాకు పుస్తకాలు. జైనబీ అని ఒక పిల్ల ఉంది. వాళ్ళ నాయిన మేడ్చల్ స్టేషన్లో హమాలీ. రెండక్షరాలు కలపలేని ఆ పిల్ల రైలింజను పాఠం ఆగకుండా చదివేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చాను, సంతోషంతోనే.

బడుల ఇన్‌స్పెక్టర్ సాబుకు మాత్రం ఇది నచ్చలేదు. "గురువారం నేనే వచ్చి చూస్త. పిల్లలకు సమజైతే సరే. లేకుంటే గీ గంట బంద్, మీ నౌకరీ సంగతి గూడ ఆలోచన జెయ్యాలె" అని కబురు పంపారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

అంతకుముందే ప్లేగు పాఠం చదివించాను. ముందు ఎలుకలు చచ్చిపడతాయి, పడగానే ఇల్లు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకోవాలి, ఊళ్ళోంచి ఎవరొచ్చినా ముందు ఎండలో నిలబెట్టాలి అని. అందులో ఇంకో మాట కూడా ఉంది. కొందరు ఇల్లు విడవడం ఇష్టం లేక, మందు తిని చచ్చిన ఎలుకేలే అంటారు, నమ్మకండి అని. ఆ వాక్యం ముఖ్యమని పిల్లలచేత మళ్ళీ మళ్ళీ చదివించాను. నా ఖర్మ.

బుధవారం సాయంత్రం చూద్దును కదా, ఇన్‌స్పెక్టర్‌కు చూపించాల్సిన పత్రికల కట్టను ఎలుకలు కొరికి పెట్టాయి. ఒళ్ళు మండింది. అంగట్లో ఎలుకల మందు తెచ్చి, జొన్నపిండిలో కలిపి మూలమూలలా పెట్టాను. అవి తిని ఎక్కడికి పోయి చస్తాయో ఆలోచించాలా వద్దా? ఆలోచించలేదు.

పొద్దున పిల్లలు కూర్చున్నారో లేదో, దూలం మీది నుంచి ఒక ఎలుక వాళ్ళ మధ్యన దబ్బున పడింది.  జైనబీ లేచి పలక సంచిలో పెట్టుకుంది.

"పంతులమ్మా, ఎలుక వడ్డది."

"నేనే మందు పెట్టిన బిడ్డా, కూసో."

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "గట్లనే అంటరని మీరే చదివిచ్చిండ్రు గద."

పిల్లలంతా లేచి ఇళ్ళకు పరుగు తీశారు. వాళ్ళ వెనకాలే నేనూ ఊళ్ళోకి పరుగెత్తాను. అప్పటికే మరో రెండిళ్ళలో ఎలుకలు పడ్డాయి. అన్నీ నా పిండి తిన్నవే. జైనబీ దాదీ, అదే వాళ్ళ నాయనమ్మ, ప్లేగుకు ఇద్దరు అన్నల్ని పోగొట్టుకున్న మనిషి. అది మందు పనేనని, ఇల్లు విడవొద్దని ఆమె చేతులు పట్టుకుని బతిమాలాను.

"మందో మాకో నాకెర్కలేదు బిడ్డా. అప్పుడు గూడ గిట్లనే అన్నరు. జల్దీ నడువున్రి" అంది.

 మధ్యాహ్నానికి మంచాలు, మేకలు, కోళ్ళతో సహా ఊరు ఖాళీ. ఖాళీ బడిలో నేనూ, ఎలుకలు కొరికిన పత్రికల కట్టా మిగిలాం. అప్పుడే మేడ్చల్ నుంచి ఇన్‌స్పెక్టర్ సాబు ఎడ్లబండి వచ్చి ఆగింది.

"పిల్లలేరి?"

"పొలంలో ఉన్నరు సాబ్."

"ఎందుకు?"

"చదివింది సమజై."

జరిగిందంతా చెప్పాను.  ఆయన బండి పొలాల వైపు తిప్పించారు. గట్టు దగ్గర జైనబీ చేతులు చాచి అడ్డం నిలబడింది. "ఆగున్రి సాబ్. ఊర్లకెల్లి వచ్చిండ్రు, దగ్గరికి రావద్దు. గా ఎండల నిలవడున్రి."

 ఆయన నిజంగానే ఎండలో నిలబడ్డారు. అక్కడి నుంచే కేకేసి అడిగారు, ఎలుక సస్తే మనిషికెందుకు భయమని.

"అది సల్లవడంగనే దాని మీది పురుగులు మన మీదికొస్తయ్" అని పిల్లలంతా అరిచారు. వాన గురించి అడిగారు, చెప్పారు. రైలు గురించి అడిగారు, అదీ చెప్పారు. షేర్వాణీ చెమటకు తడిసిపోయింది కానీ ఆయన అడగడం ఆపలేదు. చివరికి, మీ పంతులమ్మ మందు పెట్టిన మాట నిజమే, ఇండ్లకు పోండ్రని చెప్పి చూశారు.

"ఆమె చెప్పమంటే చెప్తున్నరు" అంది జైనబీ.

ఆయన నా వైపు తిరిగారు. "గంట నడవనియ్యున్రి. నౌకరీ గూడ జేస్కోన్రి. కాని వచ్చే గురువారం ఎలుకల మందు మీద పాఠం పెట్టున్రి."

నాలుగైదు రోజులైనా ఎవరికీ జ్వరం రాకపోయేసరికి జనం ఒక్కొక్కరే ఇళ్ళకు చేరారు. నిన్ననే ఆ పాఠం అయింది. చదివింది జైనబీ. నన్ను ముందు వరుసలో పిల్లల మధ్యన కూర్చోబెట్టింది. మందు తిన్న ఎలుక ఎక్కడికి పోయి చస్తుందో చెప్పేచోట ఆగి, నా మొహంలోకి చూసి, "సమజైందా పంతులమ్మా? ఇంకోసారి చదవాల్నా?" అని అడిగింది.

ఇంకోసారి చదవమన్నాను.