వాలని వెనక సీటు

పిన్ని బాపట్లలో బస్సు దిగుతూ పడిపోయిందన్న మాట నాకు మొదట చేర్చింది మా పాలావిడ. ఆమె కూతురు అక్కడ ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. స్ట్రెచర్ మీద మూలుగుతున్న పెద్దావిడను మాటల్లో పెడదామని, మీదేవూరమ్మా అని అడిగిందట. మాది రేపల్లె, మా అమ్మాయి తెనాల్లో ఉంటుందని పిన్ని చెప్పింది. తెనాల్లో ఎక్కడని ఆరా తీస్తే, తన తల్లి పాలు పోసే ఇల్లేనని తేలింది. వెంటనే తల్లికి ఫోన్ చేసింది. పాలావిడ గుమ్మంలోకి వస్తూనే, "కంగారుపడమాకమ్మా, మీ పిన్నిగారు బానే మాట్లాడతన్నారంట. కాలే విరిగింది," అంది. ముందు ప్రాణం సంగతి చెప్పి, తరవాత కాలు సంగతి చెప్పింది. ఆ చెప్పిన వరసకు ఆమెకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. పిల్లలు లేరు. "మా అమ్మాయి" అని ఆమె అన్నది నన్నే. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, బడిదాకా నడిస్తే వగర్చేదాన్ని. అందుకని పిన్ని నన్ను రేపల్లెలో తన దగ్గరే పెట్టుకుని, వంట చేస్తూ చేస్తూనే పలక మీద అక్షరాలు దిద్దించింది. స్తోత్రాలు, కూడికలు, ఉత్తరం రాసే పద్ధతి, అన్నీ ఆ వంటింటి గడప దగ్గరే వచ్చాయి. నేను ఏ బడిలోనూ చదువుకోలేదు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

భావనారాయణస్వామిని చూసి వస్తానని వెళ్ళిన మనిషి, దర్శనం కాకుండానే ఆసుపత్రి మంచం ఎక్కింది. మోకాలి పైన ఎముక విరిగింది. తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేశారు. బాధ తగ్గాక డాక్టరుగారు, ఇక ఇక్కడ చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి, కాకపోతే కాలు చాపి పడుకోబెట్టే తీసుకెళ్ళాలి అన్నారు.

ఇంటికి తీసుకెళ్ళడం ఆమెకు కాలికన్నా ముఖ్యం. పిన్ని బయటి వంట ఎన్నడూ ముట్టని మనిషి. ఆసుపత్రిలో పాలు, అరటిపండు తప్ప ఏదీ నోట పెట్టలేదు. నేను తెనాలి నుంచి క్యారేజీ కట్టుకుని బస్సులో వెళ్ళేదాన్ని. పొన్నూరు దాటేసరికే అన్నం చల్లారిపోయేది. నా కోసం రెండు ముద్దలు తిని, "ఇక చాల్లేవే" అని పక్కకు తిరిగేది. చేతి బంగారు గాజులు మోచేతి దాకా జారుతుండేవి. ఇలాగే ఇంకొన్నాళ్ళుంటే కాలు అతుక్కున్నా మనిషి నిలవదేమోనని నాకు దిగులు పట్టుకుంది. డాక్టరుగారు కూడా ఆ గాజుల వంక చూసి, తొందరగా తీసుకెళ్ళండమ్మా అన్నారు.

అంబులెన్సు మాట్లాడతామంటే పిన్ని ఒప్పుకోలేదు.

"అందులోనే మీ బాబాయిని తెచ్చారు. నేనెక్కను. స్వామి పిలిచిన రోజున నన్నడక్కుండా ఎలాగూ ఎక్కిస్తారుగా, అప్పుడు ఎక్కుతా," అంది.

కోపంగా అన్న మాట కాదు. రేపు పప్పు నానబోయాలి అన్నంత మామూలుగా అంది. అందుకే ఎవరికీ మళ్ళీ అడిగే ధైర్యం రాలేదు.

అప్పుడు మావారికి మా పొడుగు కారు గుర్తొచ్చింది. ఆ కారును మా మావయ్యగారు దుగ్గిరాల పసుపు యార్డుకు తిరిగే రోజుల్లో కొన్నారు. వెనక సీటు ముందుకు వాల్చేస్తే, డిక్కీ దాకా మంచమంత చోటు వస్తుంది. ఆ చోటులో ఆయన పసుపు బస్తాలు తెచ్చేవారట. తరవాత వ్యాపారం మానేసి, మా చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా కొత్త దంపతులను కూర్చోబెట్టడానికి ఆ కారునే పంపేవారు. ఇక సీటు వాల్చే అవసరమే రాలేదు. ఆయన పోయాక కారు మా చావడిలో గుడ్డ కప్పుకుని ఉండేది. మావారు అప్పుడప్పుడు ఇంజను వేసి, ఊళ్ళో ఒక చుట్టు తిప్పి తెచ్చేవారు.

ఆ సీటు రెండు భాగాలు. ఎడమది చిన్నది, కుడిది పెద్దది. పెద్దది వాలితే పిన్ని పడుకుంటుంది, చిన్నదాంట్లో ఒక మనిషి పక్కన కూర్చోవచ్చు. మావారు పైనున్న మీట లాగి ఒక్క తోపు తోస్తే చిన్నది కిర్రుమని వాలింది. పెద్దది మాత్రం కదల్లేదు. మీట వదులుగా ఆడుతోంది గానీ, పక్కన బాడీకి సీటును పట్టుకున్న కొక్కెం విడవడం లేదు. ఆయన లాగారు, గుద్దారు, చివరికి సీటుకు తాడు కట్టి ముందుకు గుంజారు. గుంజినకొద్దీ కొక్కెం మరింత బిగిసింది.

మెకానిక్ వచ్చి టార్చిలైటు వేసి చూశాడు. సందులో ఏదో స్ప్రే కొట్టి, సుత్తితో తట్టి, పెదవి విరిచాడు. కొక్కెం గ్యాసుతో కోయాల్సిందేనన్నాడు. "సీటు అంటుకుంటే నన్నడగొద్దు సార్, ముందే చెప్తన్నా," అని నవ్వాడు. లేదంటే మొత్తం విప్పి కొత్త లాకు విజయవాడ నుంచి తెప్పించాలి, వచ్చే వారం అవుతుంది. వారమంటే పిన్నికి ఇంకో వారం అరటిపండ్లు. నేను లోపలికి వెళ్ళి దేవుడి ముందు నిలబడ్డాను. ఏమీ అడగలేదు. అడగడానికి సిగ్గేసింది, సీటు వాల్చమని ఎలా అడుగుతాం.

తిరిగి వచ్చేసరికి మెకానిక్ వెళ్ళిపోయాడు. వరండాలో వత్తులు చేసుకుంటున్న మా అత్తయ్యగారు నన్ను పిలిచారు.

"ఏ పక్కది రావట్లేదమ్మాయ్?"

"కుడిపక్కదండీ."

ఆవిడ దూది పక్కన పెట్టారు. "అక్కడ అక్షింతలున్నాయి," అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. పెళ్ళయిన దంపతులు కారెక్కితే తల మీది అక్షింతలన్నీ సీటు మీద రాలతాయి. కారు శుభ్రం చేసేది అత్తయ్యగారే. అవి దీవెనలాయె, ఊడ్చి చెత్తలో పోయలేరు, కింద పడితే ఎవరి కాలో తగులుతుంది. ఎక్కడం దిగడం ఎడమ తలుపు నుంచే కాబట్టి, అరచేత్తో అన్నీ కుడివైపుకు జరిపి, సీటుకూ బాడీకీ మధ్యనున్న సందులోకి నెట్టేసేవారట. అక్కడికి ఏ కాలూ పోదు. దానికి తోడు, ఏటా దసరాకు మావయ్యగారు కారుకు పసుపు కుంకుమలు పెట్టి, ఇనుప కీళ్ళన్నిటికీ దీపారాధన నువ్వులనూనె తలా ఒక చుక్క వేసేవారు. ఆ కొక్కేనికి కూడా.

మావారు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎన్ని పెళ్ళిళ్ళవున్నాయమ్మా అందులో?" అన్నారు.

"మనవాళ్ళవన్నీ ఉంటాయి. మీదీ ఉంది. మీదే కాస్త ఎక్కువ, ఈ పిల్ల జడ పొడుగు," అన్నారు అత్తయ్యగారు.



ఏం చేయాలో ఆవిడే చెప్పారు. అడుగంటిన గిన్నెను సుత్తితో కొడతామా, నానబెడతాం అన్నారు. నీళ్ళు పోస్తే బియ్యం ఉబ్బి ఇంకా బిగుస్తుందని మావారు భయపడ్డారు. నూనె జిడ్డుకు కిరసనాయిలు పోద్దామన్నారు. సందులో పోసి, పాత గుడ్డ కుక్కి వదిలేశాం. అందరం భోంచేశాం. తరవాత ఆవిడ కొంగు బిగించి, చెప్పులు విడిచి, గుడికి వెళ్ళినట్టే కారులోకి ఎక్కారు.

మా చేతులు ఆ సందులో పట్టలేదు. ఆవిడవి సన్నటి చేతులు. జడపిన్ను వంచి లోపలికి పోనిచ్చి, తీరిగ్గా కెలకడం మొదలుపెట్టారు. అక్షింతలు గింజలుగా రాలేదు. నూనె ముదిరి బంకై, చిమ్మిలుండల్లా ముద్దలుగా ఊడొచ్చాయి. పసుపు రంగు పోయి నల్లబడ్డాయి. ఒక్కటి కూడా కింద పడకుండా నేను అరిటాకు పట్టుకున్నాను. ఆకు బరువెక్కుతుంటే నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఆ తరవాత వాటిని ఆవిడే పెరట్లో గొయ్యి తీయించి పూడ్పించారు. కిరసనాయిలు కంపు కొట్టేవాటిని పిట్టలకు ఎలా వేస్తామని.

అయినా మీట లాగితే కొక్కెం రాలేదు. మావారు కాసేపు కూర్చుని ఆలోచించారు. ముందుకు గుంజడమే పొరపాటు, సీటు బరువంతా కొక్కెం మీదే పడుతోంది, దాన్ని వెనక్కి నెట్టి ఆ బరువు తీయాలి అన్నారు. నేను సీటులో కూర్చుని, పాదాలు ముందు సీటుకు తన్నిపెట్టి, వీపుతో ఉన్న బలమంతా పెట్టి వెనక్కి నెట్టాను. ఆయన మీట లాగి పట్టుకున్నారు. అత్తయ్యగారు పిన్నుతో కొక్కేన్ని మెల్లగా ఎత్తారు.

"ఇంకాస్త," అన్నారు. "ఇంకాస్తమ్మా. ఆ."

టప్పున చిన్న చప్పుడైంది. నేను ముందుకు వంగితే, సీటు నా వీపు వెంటే వచ్చేసింది. పుస్తకం మూసినంత సుళువుగా.

మర్నాడు తెల్లారేసరికి బయల్దేరాం. పరుపు, దిండ్లు, కాలి కింద పెట్టడానికి మెత్తలు వేసుకున్నాం. బాపట్లలో ఆసుపత్రి వాళ్ళు దుప్పటి నాలుగు చెంగులూ పట్టుకుని, పిన్నిని డిక్కీ వైపు నుంచి తల ముందుగా లోపలికి జరిపారు. చిన్న సీటులో కూర్చున్న అత్తయ్యగారిని చూసి పిన్ని ముఖం విప్పారింది.

"ఏంటి వదినగారూ, చివరికి నన్ను బస్తాలా వేయించారా?"

"పసుపు బస్తాలైతే ఇన్ని మాటలాడేవి కావు వదినగారూ," అన్నారు అత్తయ్యగారు, దిండు సర్దుతూ.

కర్లపాలెం దాటాం. రోడ్డు బాగోని చోటల్లా మావారు కారును నడక వేగానికి తెచ్చేవారు. పిట్టలవానిపాలెం దగ్గర వరిచేల పక్కన కాసేపు ఆపితే, పిన్ని అద్దంలోంచి పైకి చూస్తూ, ఈ దారిలో ఎన్నిసార్లు తిరిగానో, ఎప్పుడూ చేలే చూశాను, ఆకాశం ఇంతుందని ఇవాళే చూశాను అంది. తాటి మట్టలు, కరెంటు తీగలు, వాటి మీద కొంగలు, అవన్నీ చిన్నపిల్లలా చదువుకుంటూ వచ్చింది. అత్తయ్యగారు అక్షింతల సంగతి చెబితే, "అయితే నేను అందరి దీవెనల మీద పడుకున్నట్టేగా," అని మురిసిపోయింది.

"ఇంకెక్కడి దీవెనలండీ, కిరసనాయిలు వాసన తప్ప," అన్నారు అత్తయ్యగారు.

రేపల్లెలో ఇరుగుపొరుగు వాళ్ళు మంచం వాకిట్లోకే తెచ్చి ఉంచారు. పిన్నిని దింపి లోపలికి చేర్చాక, అత్తయ్యగారు బావి దగ్గర స్నానం చేసి, తడిచీరతోనే పొయ్యి వెలిగించారు. అన్నం, చారు, పెసరపప్పు, అంతే. వేడివేడిగా కలిపి ముద్దలు చేసి నోటికి అందించారు. నేను గుమ్మంలో నిలబడి లెక్క పెట్టకూడదనుకుంటూనే చూశాను. పిన్ని పళ్ళెం ఖాళీ చేసి, "ఇంకాస్త చారు పోయండి," అంది. ఆ మాట విన్నాక నేను పెరట్లోకి వెళ్ళి చేతులు జోడించాను. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు.

అత్తయ్యగారు మాతో తెనాలి తిరిగి రాలేదు. వియ్యపురాలి ఇంట్లో అన్నాళ్ళు ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనని మావారు అంటే, అనుకోనీరా, ఆవిడ నడిచాక వస్తాను అన్నారు. పిండికట్టు తీసేదాకా, ఆ తరవాత పిన్ని కర్ర పట్టుకుని వీధి అరుగు దాకా వచ్చేదాకా, వండి పెట్టారు, తల దువ్వారు, పోట్లాడారు. పిన్ని ఆ తరవాత చాలా ఏళ్ళు తన వంట తనే చేసుకుంది. అత్తయ్యగారే ముందు వెళ్ళిపోయారు.

ఆవిడ పేరు ఇక్కడ రాయలేదు, రాయడం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. ఇది చదివినవారు ఎప్పుడైనా మంచం పట్టిన మనిషి పక్కన కూర్చుని అన్నం ముద్ద అందించే రోజు వస్తే, ఒక్కసారి మా అత్తయ్యగారిని తలుచుకోండి. తెనాల్లో ఒకావిడ ఉండేదట, అనుకుంటే చాలు.