సముద్రం ఎడమచేతి వైపున్న కంప్యూటర్

ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను బయట నిలబెట్టి, మళ్లీ లోపలికి పిలవడం మరిచిపోయారు. గుర్తుచేసేటంత తెలివితక్కువవాణ్ణి కాదు కనుక నా చదువు అక్కడితో పూర్తయింది. అలాంటివాడికి మొన్న మా అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చింది. తెరిస్తే అన్నీ ఎవరో ముందే సర్దిపెట్టి ఉన్నాయి. సత్రంలో దిగినట్టనిపించి, వాకాడు దగ్గర సముద్రపొడ్డున మా ఊళ్లో నేను నడిపిన పెళ్లికార్డుల కొట్టు మనసులో మెదిలింది.

ఆ కొట్టులో ఒక ముసలి కంప్యూటర్ ఉండేది. మీట నొక్కితే, నేను టీ తాగి వచ్చేదాకా ఆవులిస్తూనే ఉండేది. మద్రాసులో ఉండే మా మేనబావ దాంట్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించి, తెరమీద ఏ కిటికీ ఎక్కడుండాలో చూసుకునే తేలికపాటి విండో మేనేజర్ ఒకటి పెట్టి, రంగులూ మీటలూ ఎలా ఉండాలో ఇక ఈ ఫైల్లో నీ ఇష్టమొచ్చినట్టు రాసుకోమని చెప్పి వెళ్లాడు. వీధంతా కునుకు తీసే మధ్యాహ్నాల్లో, ఉప్పుగాలి తలుపు దగ్గర ఆడుతుంటే, ఆ ఫైల్లో ఒక్కో వరుస మారుస్తూ కూర్చునేవాణ్ణి. ఒక్క చుక్క తప్పితే తెర నల్లబడేది. ఎండలో సముద్రం ఏ నీలంగా ఉంటుందో ఆ నీలం తెరకు తేవడం కోసం ఎన్ని మధ్యాహ్నాలు కరిగిపోయాయో!

ఆ ఒక్క పెట్టెలోనే పక్కపక్కన రెండు తెరలున్నట్టు రాసుకున్నాను, మీట నొక్కితే పని ఒకదాంట్లోకో రెండోదాంట్లోకో పోతుంది. మా ఊరివాళ్లకు కుడి ఎడమలు పట్టవు కదా, అన్నం వడ్డించేటప్పుడు కూడా కాస్త తూర్పుకు జరగమనేవాళ్లమే. నేను దక్షిణం తిరిగి కూర్చునేవాణ్ణి గనుక ఎడమకు పంపే మీట మీద తూర్పు అని, కుడికి పంపే మీట మీద పడమర అని కాగితం అంటించాను. తయారైన కార్డు తూర్పు తెరకు పోవాలి, వద్దనుకున్నది పడమర తెరకు. పడమరకు పోయినవి యంత్రం ఆపగానే చెరిగిపోతాయి.

ఒకసారి నేను జ్వరంతో ఇంట్లో పడుకుంటే మా ఆవిడ కొట్టులో కూర్చుంది. పెళ్లికూతురి తండ్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అచ్చు కోసం గూడూరు ప్రెస్సుకు కార్డున్న సీడీ తీసుకుపోవాల్సిన బస్సు వచ్చే వేళయింది. అప్పుడు ఫోను.

"ఏందయ్యా నీ పెట్టె! తూర్పు నొక్కితే కార్డు పడమరకు పోయింది. పొద్దుట్నించి కూర్చోని టైపు కొట్టింది. ఆపితే పోతదేమోనని చెయ్యి కూడా పెట్టలేదు."

జ్వరంలోనూ నాకు నవ్వొచ్చింది. "నువ్వు ఎటు తిరిగి కూర్చోనుండావు మే?"

"ఉత్తరం. మా తమ్ముడొచ్చి, గల్లాపెట్టె ముందు ఉత్తరంగా కూర్చోవాలని బల్ల తిప్పిచ్చినాడు."

బల్ల తిరిగేసరికి ఆమె ఎడమ పడమరైంది, అంతే. కార్డు ఎక్కడికీ పోలేదు, తయారైనవాటి మధ్యనే భద్రంగా ఉంది. బస్సూ అందింది, పెళ్లీ అయింది. మా బావమరిదిని మాత్రం చాలాకాలం ఏడిపించాను.

ఇప్పటి యంత్రానికి నేనెటు తిరిగి కూర్చున్నా ఒకటే. దానికి తూర్పు లేదు, ఉప్పుగాలి లేదు, నా చెయ్యి పడిన గుర్తే లేదు. సముద్రం ఏ పక్కనుందో తెలిసిన కంప్యూటర్ ఇక దొరకదు కదా అని నిన్న మా ఆవిడ దగ్గర నిట్టూర్చాను.

ఆమె చేటలో బియ్యం మీంచి తల ఎత్తకుండానే అంది: "దాన్నెందుకు అడగతావు? లేచి వాకిట్లోకి పో, కనపడతా ఉండాది."