సత్తయ్య తాత పెళ్లి బిందె

ఆదివారం కరిగించేస్తారట, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

సత్తయ్య మా నాయనమ్మకు అన్న. పోలీస్ యాక్షన్ అయిన ఏడాది, 1948లో, మిర్యాలగూడలో పెళ్లయింది. ఏడాది తిరగకుండానే జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. ఆయన ఫొటో లేదు, కాగితం లేదు. మిగిలింది పెళ్లినాటి ఇత్తడి బిందె, దాని అంచున చుక్కలతో చెక్కిన ఇద్దరి పేర్లు. ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని కాబట్టి, వాటిని నాయనమ్మకు చదివి వినిపించేది నేనే.

ఈ రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి బిందె లేదు. అమ్మ సూర్యాపేటలో పాత సామాన్ల కొట్లో వేసి స్టీలు డబ్బాలు తెచ్చింది.

"చిల్లు బిందె గదనే! పిల్లల్లేక పోయినాయన పేరు ఇగ ఎవలకు కావాలె?" అంది అమ్మ.

"నాకు గావాలె," అంది నాయనమ్మ మంచంలోంచి. "నేను పోయినంక గూడ అన్న పేరు ఉంటదనుకున్న."

కొట్టుకు పరుగెత్తాను. సరుకు మధ్యాహ్నమే కోదాడ వెళ్లిపోయిందట, అక్కడ ఆదివారం కరిగిస్తారట. ఇంటికొస్తే కొత్త డబ్బాలు మాత్రం తళతళలాడుతున్నాయి, వాటి మీద ఎవరి పేరూ లేదు.

దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. అయినా కోదాడలో పాత ఇత్తడి కొనేవాళ్లు ఎవరికైనా తెలిస్తే శనివారం సాయంత్రంలోగా చెప్పండి. అంచు మీద "సత్తయ్య, లచ్చమ్మ" అని ఉంటుంది. బిందె ఇవ్వలేకపోతే, కరిగించే ముందు ఆ అంచుకు ఒక్క ఫొటో తీసి పంపండి.