సావుకారుకు నేనిచ్చిన టెండర్

ఆ రోజుల్లో మా కృష్ణగిరిలో ఉద్యోగం దొరకడానికి పెద్ద తతంగమేమీ ఉండేది కాదు. ఎవరో ఒక తెలిసినాయన చేయి పట్టుకుని తీసుకుపోయి, "మా పాపప్పా, బీకాం చదివింది, ఈడ కూర్చోబెట్టుకో" అంటే సరిపోయేది. కష్టమంతా మానడంలోనే ఉండేది. చేరేటప్పుడు కాగితం లేదు కాబట్టి, పోయేటప్పుడు ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో, ఎంత ముందుగా చెప్పాలో ఎవరికీ తెలియదు. తెలియని చోట ఎవరి తెలివి వాళ్లు వాడేవాళ్లు. (ఆ రోజుల్లో అన్నానని నన్ను మరీ ముసలిదాన్ని చేయకండి. అప్పటికే అందరి చేతుల్లోనూ వాట్సాప్ ఉంది. నా కొంప ముంచింది అదే.)

నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయినది మా చిన్నాయన. తీసుకుపోయింది రౌండానా అనే కూడలికి కాస్త అవతల ఉన్న ఒక పెయింట్ అంగడికి. యజమాని చిన్నాయనకు చిన్ననాటి స్నేహితుడు, ఊరందరికీ సావుకారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంగుడబ్బాల మధ్య తిరిగినా ఆయన తెల్లచొక్కా మీద ఒక్క మరక పడేది కాదు. ఇంట్లో తెలుగు, గిరాకీలతో తమిళం, లారీవాళ్లతో కన్నడం అనర్గళంగా మాట్లాడే ఆ మనిషి, రంగులు కలిపే కంప్యూటర్ మిషన్ ముందు మాత్రం మూగవాడైపోయేవాడు. దాన్ని అంగడికి తెచ్చిన రోజు టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాత మళ్లీ దాని దగ్గరికి పోలేదట. ఆ మిషన్‌కు నేను పూజారినయ్యాను. చీర అంచు ముక్క తెచ్చి "ఈ రంగు కావల్ల" అన్నా, మామిడాకు కోసుకొచ్చి "గోడ ఇట్లుండల్ల" అన్నా నేను షేడ్ కార్డు తిరగేసి, నాలుగు మీటలు నొక్కి, డబ్బా మూత తీసి చూపించేదాన్ని. "ఆ మిషను ఈ పాప మాటే వింటుందప్పా" అని సావుకారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. విని విని నేను కూడా అది నిజమేనని నమ్మాను.

ఆ అంగడిలో పని మానే పద్ధతులు నేను కళ్లారా చూశాను. నాకంటే ముందు లెక్కలు రాసినాయన ఒక మధ్యాహ్నం భోజనానికి వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన టిఫిన్ క్యారియర్ మూత ఒకటి చాలాకాలం వార్నిష్ డబ్బాల పక్కన ఉండిపోయింది. పారేస్తే వచ్చి అడుగుతాడేమోనని సావుకారు పారేయనివ్వలేదు. ఇంకొక అబ్బాయి కావేరిపట్టణం నుంచి వచ్చేవాడు. వాళ్ల అవ్వ చనిపోయిందని ఫోన్ చేసి, ఇక ఇల్లు చూసుకోవాలని ఏడ్చి మానేశాడు. సావుకారు కూడా కళ్లు తుడుచుకున్నాడు. పండగ ముందు ఆ అవ్వే మనవరాలి చేయి పట్టుకుని వచ్చి, "మా పిల్లోడు ఈడ పనిచేసినాడు కద, కొంచెం తగ్గించి ఇయ్యప్పా" అని సున్నం బేరమాడింది. సావుకారు ఆమెను తేరిపార చూసి, కుర్చీ వేయించి, తగ్గించే ఇచ్చాడు. ఇక గోడౌన్ చూసుకునే ఆయన్ను అందరం 'డబ్బా అన్న' అనేవాళ్లం, ఆయన పద్ధతి వేరు. సావుకారుతో మాటామాటా వచ్చినప్పుడల్లా తాళంచెవులు బల్ల మీద విసిరి, "ఈ పొద్దుతో సరి మొదలాళీ, ఇంగ నా ముఖం చూడవు" అని యజమాని ముఖానే చెప్పి ఎదుటి టీ అంగడికి పోయేవాడు. టీ తాగేవాడు. ఎండ తగ్గేవరకు కూర్చునేవాడు. తర్వాత వచ్చి తాళంచెవులు తీసుకునేవాడు.

ఇలా ఉండగా హోసూరులో, బండ్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీ ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. ఎవరూ చేయి పట్టుకుని తీసుకుపోకుండా, నేనే అర్జీ పెట్టి, నేనే బస్సెక్కి, నేనే మాట్లాడి తెచ్చుకున్న మొదటి ఉద్యోగం. అక్కడి మేడమ్ "మీ నోటీస్ పీరియడ్ ఎంత?" అని అడిగింది. అలాంటిది ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తెలియదంటే చిన్నతనమని "ఒక నెల మేడమ్" అని ఠీవిగా చెప్పి వచ్చాను. వస్తూ బస్సులో సూలగిరి దాటేవరకు సంతోషం, దాటాక భయం. మా చిన్నాయన సావుకారుకు స్నేహితుడు. నేను సరిగ్గా మానకపోతే ఇద్దరి మధ్యా మాటలు పోతాయి. తిన్న ఇంటివాళ్లకు చెప్పాపెట్టకుండా పోయిందన్న పేరు నాకు వస్తుంది. అవ్వను చంపడానికి నాకు మనసొప్పలేదు. (నాకు ఉన్నది ఒక్క అవ్వే.)

మర్నాడు ధైర్యం తెచ్చుకుని సావుకారు ముందు నిలబడ్డాను. "అప్పా, ఒక మాట చెప్పల్ల."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "పెండ్లా?"

"కాదప్పా…"

"పిల్లోడు యాడ? మన పక్క పోచంపల్లా? ఆడ నాకు తెలిసినోళ్లు ఉండారు, విచారించి చెప్తాను. తొందరపడొద్దని మీ చిన్నాయనకు చెప్పు."

"పెండ్లి కాదప్పా, నేను…"

"పెండ్లి కాదు కద? అట్లయితే ఇంగేమీ లేదు. పో పాపా, లారీ వచ్చిండాది, ప్రైమర్ డబ్బాలు సరిగ్గా ఉండాయా చూడు."

ఆడపిల్ల పని మానడానికి పెళ్లి తప్ప ఇంకొక కారణం ఉంటుందని ఆయనకు తోచనే లేదు. నేను పోయి ప్రైమర్ డబ్బాలు చూశాను. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని, నోటితో కానిపని రాతతో చేద్దామనుకుని, ఇంటర్నెట్‌లో వెతికి ఒక ఇంగ్లీషు ఉత్తరం పట్టుకున్నాను. "రెస్పెక్టెడ్ సర్, ఐ హియర్‌బై టెండర్ మై రెజిగ్నేషన్ ఫ్రమ్ ది పోస్ట్ ఆఫ్ సీనియర్ కలర్ ఎగ్జిక్యూటివ్" అని మొదలవుతుంది. (ఆ పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను. సీనియర్ ఎందుకంటే, జూనియర్ ఎవరూ లేరు కాబట్టి.) దాన్ని సావుకారు వాట్సాప్‌కు పంపి, పక్కన రెండు నీలం గీతలు పడేవరకు చూసి, గుండె బరువు దిగి హాయిగా పడుకున్నాను.

పొద్దున అంగడికి పోతే గుమ్మానికి చామంతి దండ వేలాడుతోంది. మిషన్‌కు కొత్తగా కుంకుమ పెట్టి ఉంది. సావుకారు జాంగ్రీల పెట్టె పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రామ్మా తల్లీ, రా! నోరు తెరువు!" నేను నోరు తెరిచాను. ఏదో అందామనే తెరిచాను, ఆయన జాంగ్రీ పెట్టేశాడు. మానేస్తానంటే ఇంత సంతోషపడే మనిషి దగ్గరా నేను ఇన్నాళ్లు పని చేసింది అనుకుంటూ లోపలికి అడుగుపెట్టాను. లోపల డబ్బా అన్న, పక్క హార్డ్‌వేర్ అంగడాయన, ఎదుటి టీ అంగడాయన, అందరూ నోట్లో జాంగ్రీలతో నన్ను చూసి తల ఊపుతున్నారు. మా చిన్నాయన కూడా ఉన్నాడు. ఆయన రెండోది తింటున్నాడు.

"నిన్ననే చెప్పేదానికి వచ్చినావు, నేనే వినకపోతిని" అన్నాడు సావుకారు. "నేను ఇన్నేండ్లు తిరిగినా కాలేదు. నువ్వు టెండర్ పట్టుకొచ్చినావు!"

అప్పుడు నాకు అర్థమైంది. సావుకారుకు ఇంగ్లీషు చదవడం డబ్బాల మీది పేర్ల వరకే వచ్చు. కానీ 'టెండర్' అన్న మాట మాత్రం నిద్రలో చూపించినా చదువుతాడు. సర్కారు బడి గోడలకు రంగులేసే టెండర్ కోసం ఆయన ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు, ప్రతిసారీ ఎవరో ఒకరు తన్నుకుపోయారు. ఆ ఒక్క మాట కనబడగానే మిగతాది చదవాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు.

చిన్నాయన నా భుజం తట్టి, "మా వంశంలో వ్యాపారం తెలిసింది నీకొక్కదానికే పాపా" అన్నాడు. నేను జాంగ్రీ మింగలేక, కక్కలేక నిలబడ్డాను. "అప్పా, అది ఆ టెండర్ కాదు" అని నేననేలోగా, బళ్లో నల్లబల్లకు రంగు కావాలని మా వీధి హెడ్‌మాస్టరు లోపలికి వచ్చారు. సావుకారు ఆయనకు ఒక జాంగ్రీ, దానితోపాటు ఫోనూ చేతిలో పెట్టి, "చదవండి సార్, గట్టిగా! అందరూ వినల్ల" అన్నాడు.

హెడ్‌మాస్టరు బళ్లో ప్రార్థన చదివించినట్టు నిదానంగా, స్పష్టంగా చదివారు. చదివి, కళ్లద్దాలు సవరించుకుని, తెలుగులో చెప్పారు. "ఈ పాప పని వదిలేస్తా ఉండాదప్పా. హోసూరులో వేరే పని దొరికిందంట. ఒక నెల నోటీసు ఇస్తా ఉండాది. ఇంగ్లీషు బాగుండాది, తప్పుల్లేవు."

అందరూ నమలడం ఆపేశారు. డబ్బా అన్న సగం కొరికిన జాంగ్రీని చూసి, సావుకారును చూసి, "మొదలాళీ, ఇంగ దీన్ని తినొచ్చునా?" అని అడిగాడు.

"తినరా" అన్నాడు సావుకారు. "నోట్లో పెట్టుకున్నది ఉమ్మేయమంటానా?" అని, నా వైపు తిరక్కుండానే, "నోటీసంటే ఏమి?" అని అడిగాడు.

"ఇంకొక నెల పని చేసి తర్వాత పోతానని ముందే చెప్పడమప్పా."

"పోయేదానివి ఒక నెల ఎందుకుండల్ల? ఇంటికొచ్చిన చుట్టం బస్సెక్కే ముందు ఒక నెల చెయ్యి ఊపుతా నిలబడుతుందా?"

చిన్నాయన "నోటితో చెప్పేదానికి ఏమొచ్చింది పాపా నీకు?" అని నన్ను కసురుకుంటే, "చెప్తే పెండ్లా అన్నాడు చిన్నాయనా" అని నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆ సమయానికి కాఫీ ఫ్లాస్కు పట్టుకుని సావుకారమ్మ వచ్చింది. అంగడి వెనకే వాళ్లిల్లు. జరిగిందంతా డబ్బా అన్న చెప్తే విని, ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, భర్తను అడిగింది. "మీరు మీ నాయన మండీ వదిలిపెట్టినప్పుడు ఏం చెప్పి వచ్చినారు?"

సావుకారు వినబడనట్టు షేడ్ కార్డులు సర్దాడు.

"తిరుపతికి పోయొస్తానన్నారు కద? గుండు కొట్టించుకొని వచ్చి, మీ నాయన మండీకి ఎదురుగానే ఈ అంగడి తెరిచినారు. ఆ పాప మీ ముందర నిలబడి చెప్పింది. మీకంటే మేలు కద? ఏడవద్దు పాపా, గమ్మునుండు. కాఫీ తాగు."

మా చిన్నాయన పక్కున నవ్వాడు. ఆ గుండు ఆయన కళ్లారా చూసిన గుండు. హార్డ్‌వేర్ ఆయన నవ్వాడు. చివరికి సావుకారు పెదవులు కూడా కదిలాయి. "సరి సరి. నోటీసు ఇచ్చినావు, నేను తీసుకొన్నాను. అయితే ఆ మిషను నా మాట వినేట్ల చేసిపెట్టి పో."

ఆ నెల నేను సావుకారుకు గురువునయ్యాను. ఆయన వేలితో మీట నొక్కేముందు మిషన్‌కు దండం పెట్టేవాడు. పొరపాటున ఏదైనా శబ్దం వస్తే వెనక్కి దూకేవాడు. ఒకరోజు అత్తిముగం నుంచి ఒక రైతు వచ్చి, కొత్తింటికి రాగిచేను లాంటి పచ్చ కావాలన్నాడు. "నువ్వు పక్కకు పో, నేనే చేస్తాను" అని సావుకారు స్వయంగా కలిపి మూత తీశాడు. లోపల నిగనిగలాడే గులాబీ రంగు ఉంది. రైతు డబ్బాలోకి తొంగిచూసి, "ఇదేమప్పా, ఈ పచ్చ ఎర్రగుండాదే?" అన్నాడు. ఇక సావుకారు పరువు పోయిందని నేను ముందుకు అడుగేశాను. ఆయన నన్ను చేత్తో ఆపి, "పచ్చ నీ చేన్లో ఉండాది కదప్పా, మళ్లీ గోడకెందుకు? చేను మధ్యన పచ్చ ఇల్లు కడితే యాడుండాదని వెతుకుతావు? ఇది హోసూరు రోజా. దూరం నుంచే తెలుస్తుంది" అన్నాడు. రైతు కాసేపు ఆలోచించాడు. ఆ డబ్బా తీసుకుని, అదే రంగు ఇంకో రెండు కలపమన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను కానీ, అది పైపైకే. నేను పోతే అంగడి ఏమైపోతుందోనని రాత్రులు నిద్రపట్టక పొర్లాను మరి! పచ్చ అడిగినవాడికి గులాబీ అమ్మగలిగే మనిషికి నేనూ మిషనూ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

హోసూరులో చేరే రోజున ఒక్కదాన్నే పోతానంటే సావుకారు వినలేదు. "చేర్చుకొన్నది నేను, అప్పగించాల్సింది నేను" అని చిన్నాయనను కూడా లేవదీసి, ముగ్గురం బస్సెక్కాం. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి, "మీరెవరు?" అని తమిళంలో అడిగితే, సావుకారు "పెణ్ణు వీట్టుకారంగ" అన్నాడు, పెళ్లికూతురి తరఫువాళ్లమని. ఆ మనిషికి ఏమీ అర్థం కాక లోపలికి ఫోన్ చేశాడు. మేడమ్ బయటికి వచ్చింది. సావుకారు చేతులు జోడించి, "మంచి పిల్లమ్మా. గట్టిగా మాట్లాడితే ఏడుస్తుంది, మళ్లీ అంతలోనే నవ్వుతుంది. మధ్యానం వేళకు అన్నం తినిందా లేదా కొంచెం చూడండి" అన్నాడు. నేను సిగ్గుతో భూమిలోకి కుంగిపోయాను. లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూస్తే, ఆయన చొక్కా చేతులు మడిచి గేటు కమ్మీని గోటితో గీకి, "తుప్పు మీదనే కొట్టిండారే, ప్రైమర్ వెయ్యలేదా?" అని సెక్యూరిటీతో గొడవపడుతున్నాడు. చిన్నాయన ఆయన చేయి పట్టి లాగుతున్నాడు. ఆ రోజు నేను ఒక్కసారి చేయి ఊపినా బాగుండేది. ఎవరైనా చూస్తారేమోనని ఊపలేదు.

ఆ తర్వాత నేను ఇంకా కొన్ని ఉద్యోగాలు మానాను. ఇప్పుడు మానడం చాలా సులభం. కంప్యూటర్‌లో ఒక చోట నొక్కితే, 'కారణం' అని ఒక వరుస తెరుచుకుంటుంది, అందులో ఒకటి ఎంచుకోవాలి. మొన్న హోసూరులోనే ఒక కంపెనీ వదిలినప్పుడు, నేను కుర్చీలోంచి లేచేలోగానే శుభాకాంక్షలతో జవాబు వచ్చేసింది. తొందరగా ఇంటికి వచ్చాను. మా ఆయన టీ కలుపుతూ, "ఏమన్నారు?" అని అడిగాడు.

"ఏమీ అనలేదు" అన్నాను.

"మంచిదే కద?"

మంచిదే. కానీ ఆ సాయంత్రమంతా నాకు ఎందుకో కోపంగానే ఉంది. కనీసం ఒక్కరైనా "యాడికి పోతావు పాపా?" అని అడగకూడదా!