నాన్నగారికి శీలావతి చేసిన సిఫారసు

కరోనా వచ్చిన తొలి సంవత్సరం, ఏలూరులో మా నాన్నగారికి జరగవలసిన ఎండోస్కోపీ వాయిదా పడింది. కడుపునొప్పి మాత్రం వాయిదా పడలేదు. మా తాతగారు ఇటువంటి నొప్పితోనే, కారణం తెలియకుండా పోయారు. కనుక లోపల ఏముందో తేలేదాకా నాన్నగారికి కంటిమీద కునుకు లేదు.

ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని కాబట్టి ఆసుపత్రికి ఫోన్ చేసే బాధ్యత నాపై పడింది.

"ఇప్పుడు అర్జెంటు కేసులేనండి. రక్తం ఏమన్నా కక్కుకున్నారాండి?"

"లేదండి."

"అయితే మేమే ఫోన్ చేస్తామండి."

నాన్నగారు పక్కనుంచి, "ఏ రోజు కక్కమంటారో కనుక్కోవే, వీలు చూసుకుంటాను" అన్నారు.

ఆ రోజుల్లో కైకలూరు నుంచి చేపల లారీలు కదలడం లేదు. చెరువుల్లోని చేపలన్నీ గణపవరంలో మా వీధికే వచ్చేవి. ఇంట్లో రోజూ శీలావతి పులుసే. ఒక మధ్యాహ్నం నాన్నగారు తింటూ తింటూ ఆగి గొంతు పట్టుకున్నారు. ముల్లు!

మా వైపు దీనికి ఒకటే వైద్యం: నమలకుండా అన్నం ముద్ద మింగించడం. అమ్మ ఒక ముద్ద పెట్టింది. నానమ్మ అంతకంటే పెద్దది పెట్టింది. పక్కింటి పిన్నిగారు మాస్కు సవరించుకుని, గోడ మీదుగా అరటిపండు అందించారు. ముల్లు కదలలేదు. చివరికి ఉమ్మి మింగడమే కష్టమైంది. మళ్ళీ ఫోన్ చేశాను.

"వెంటనే తీసుకురండి!"

నిలువెల్లా తొడుగు వేసుకున్న డాక్టరు గారు, "కడుపు ఖాళీయేనాండి?" అని అడిగారు.

"అయ్యో, లేదండి, బాగా పెట్టే తీసుకొచ్చామండి" అంది అమ్మ, భరోసాగా.

కళ్ళద్దాల మీద ఆవిరి పట్టేటట్టు నిట్టూర్చి, ఆయన మమ్మల్ని సాయంత్రం దాకా ఆవరణలో కూర్చోబెట్టారు.

లోపలికి తీసుకువెళ్తుండగా నాన్నగారు కష్టం మీద నోరు విప్పారు. "ఎలాగూ అంతదాకా వస్తున్నారు కదండీ, కాస్త కిందకి కూడా చూసి వెళ్ళండి."

చూశారు. ముల్లు బయటికి వచ్చింది. "చెడ్డదేమీ కాదండి, కడుపులో చిన్న పుండు. మాత్రలతో మానిపోతుంది" అన్నారు డాక్టరు గారు.

తిరిగి వస్తుంటే కారులో అమ్మ మెల్లగా అడిగింది. "ఏవండీ, బుద్ధెరిగినప్పటి నుంచీ చేపలు తింటున్నారు. ఎన్నడూ లేనిది ఇప్పుడే గుచ్చుకుందా మీకు?"

నాన్నగారు గొంతు చూపించి, మాట్లాడకూడదన్నట్లు చెయ్యి ఊపారు. డాక్టరు గారు అటువంటి సూచన ఇచ్చినట్లు నాకు జ్ఞాపకం లేదు. అమ్మ ఇంకేదో అడగబోయేలోపే, ఏలూరు దాటకుండానే, ఆయన గురక పెట్టి నిద్రపోయారు.