కొత్త చేయని బస్సు

నాకు నోరు పెద్దదని డిపోలో అందరికీ తెలుసు. అయినా జంపక్క ముందు ఆ నోరు ఎన్నిసార్లు మూతపడిందో నాకొక్కదానికే తెలుసు.

నేను కండక్టర్‌ని. మా బండి భద్రాచలంలో బయలుదేరి దుమ్ముగూడెం మీదుగా అడవి అంచు దాకా వెళ్లి, అక్కడే వెనక్కి తిరిగేది. అక్కడి నుంచి కొండ్రాయిగూడెం తొమ్మిది కిలోమీటర్లు. ఆ గూడెం మనిషే జంపక్క. యాభై దాటిన బక్క మనిషి. పెనిమిటి దూలయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు భద్రాచలంలో డయాలసిస్ చేయించాలి. ఎవరినో బతిమాలి మోటార్‌సైకిల్ మీద రోడ్డు దాకా తెచ్చేది. ఒకసారి వాగు పొంగి రాలేకపోయారు. అప్పుడు దూలయ్య ఊపిరాడక చచ్చి బతికాడు.

ఆ తర్వాత జంపక్క డిపో చుట్టూ రెండేళ్లు తిరిగింది. కాగితం ఇవ్వడం, గుమ్మం పక్కన కూర్చోవడం, అదే పని. చివరికి వాగు మీద వంతెన పడ్డాక పెద్ద సార్లు ఒప్పుకున్నారు. పదిహేను రోజులు గూడెం దాకా నడిపి చూస్తారు. ఆఖరి రోజు డిపో మేనేజర్ రాందాస్ సార్ స్వయంగా తనిఖీకి వస్తాడు. ఆ రోజు బండి సగమన్నా నిండకపోతే మళ్లీ పాత చోటికే. అప్పటికి దూలయ్యకు మోటార్‌సైకిల్ మీద కూర్చునే ఓపిక కూడా పోయింది.

మొదటి రోజు గూడెమంతా వచ్చి బస్సు చుట్టూ నిలబడింది. ఎక్కింది మాత్రం ఆ మొగుడూ పెళ్లాలే. వాళ్లకు దవాఖానా లేని రోజు బండి ఖాళీగా వచ్చింది. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు బస్సు పక్కనుంచే నడిచిపోయేవాళ్లు. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు కూడా లేవు కదా, ఏం రోగం వీళ్లకని నాకు ఒళ్లు మండింది. పదో రోజు జంపక్కనే నిలదీశాను.

"బస్సు కావాలె, బస్సు కావాలె అని రెండేండ్లు తిరిగితివి. మీ ఊరోళ్లేమో మొఖం తిప్పుకొని పోతున్రు. ఏంది కథ?"

దూలయ్యే చెప్పాడు. "కొత్త చెయ్యలే గదమ్మా."

చిక్కుడుకాయైనా ఇప్పపువ్వైనా, అమ్మవారికి పెట్టి పండుగ చేయనిదే ఆ ఊళ్లో ఎవరూ ముట్టరు. దాన్నే కొత్త చేయడం అంటారు. బస్సూ ఊరికి కొత్తదే కాబట్టి చిక్కుడు కొత్తతో పాటే దీనికీ చేద్దామనుకున్నారు పెద్దలు. అది ఇంకో నెలకు.

"నెలకా? అయిదు రోజులల్ల బస్సే పోతది అక్కా. వాళ్లకు చెప్పలేదా?"

"చెప్పిన. ఒకసారి వచ్చిన బస్సు ఎటు పోతది అంటున్రు."

"మరి మీరెట్ల ఎక్కిన్రు?"

"తప్పే," అంది జంపక్క. "ఈయన పానం చూసి ఎవరూ అడుగుతలేరు."

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. రాందాస్ సార్‌కు ఏమని చెప్పాలి? చెప్పినా నవ్వుతాడు.

పన్నెండో రోజు పొద్దున మేం గూడెం చేరేసరికి ఊరి పెద్ద ఎల్లస్వామి ముందు జంపక్క నిలబడి ఉంది. చుట్టూ జనం.

"నేను కొత్త కాకముందే బస్సెక్కిన. నాకు తప్పు వెయ్యుండ్రి."

ఎల్లస్వామి నేల చూశాడు. "నిన్నెవరడిగిన్రు? పో, మొగనికి మందులియ్యి."

"నేనే అడుగుతున్న. ఆయనకేం తెల్వది, నేనే ఎక్కిచ్చిన. తప్పు నాదొక్కదానిదే."

దూలయ్య బస్సు మెట్టు మీద కూర్చుని వద్దు వద్దని చేయి ఊపుతున్నాడు. ఆమె ఎందుకు పట్టుబడుతోందో నాకు అర్థం కాలేదు. పక్కనున్న భద్రమ్మ అనే ముసలామెను అడిగాను. తప్పు పడితే, అంటే ఊరి శిక్ష పడితే, మూడు రోజుల లోపు ఆ మనిషే కోడి కోసి, ఊరికి అన్నం పెట్టి కొత్త చేయించాలట. చివరికి ఎల్లస్వామి ఆమెకు తప్పు వేశాడు. జంపక్క తెలివికి మురిసిపోయాను. ఆమె తప్పు అడిగి మరీ వేయించుకున్నది అందుకా!

పదిహేనో రోజు రాందాస్ సార్ నా పక్కనే కూర్చున్నాడు. చివరి మలుపు తిరిగేదాకా నేను కిటికీలోంచి తల తీయలేదు. తిరిగేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. అద్దానికి పసుపు రాశారు, చక్రాల కింద కొబ్బరికాయ కొట్టారు. ఎక్కినవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. చివరికి సారే లేచి ఒక బాలింతకు సీటిచ్చాడు.

జంపక్క దూలయ్యను ఎక్కించింది. జావ డబ్బా, దవాఖానా కాగితాల సంచి నా చేతిలో పెట్టి కిందే నిలబడింది.

"జల్దీ ఎక్కు అక్కా."

"నాకు లేదు చెల్లె. తప్పు పడ్డోళ్లకు వచ్చే ఏడాది కొత్త దాకా బస్సెక్కేది లేదు. జర ఆయన్ను చూసుకో."

దూలయ్య ఆమె లేకుండా ఎన్నడూ ఊరు దాటలేదు. మిషన్ పక్కన నాలుగు గంటలూ ఆమె చేయి పట్టుకునే పడుకుంటాడు. ఆ చేయి ఇక ఉండదని ఆయనకు ముందే తెలుసు. నాకే తెలియలేదు.

గూడేనికి బస్సు ఖాయమైంది. ఇప్పుడు వారానికి మూడు రోజులు దూలయ్యను దింపేది, ఎక్కించుకునేది నేనే. "బావా, నా చెయ్యి పట్టుకో, అక్కకు చెప్పనులే" అని ఏడిపిస్తాను. ఆయన నవ్వడు. సాయంత్రం బండి వంతెన దాటేసరికి జంపక్క దారిలోనే ఎదురొస్తుంది. డ్రైవర్ అడగకుండానే ఆపుతాడు. కిటికీలోంచి ఆయన చేయి అందుకుని, వెచ్చగా ఉందని తేల్చుకున్నాక, ఇక పోనియ్యమంటుంది. మా దుమ్ములోనే వెనక నడిచి వస్తుంది.