గొడుగు గుడ్డ కింద పదకొండు చుక్కలు

మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, రెండు వారాల కిందట మంగళవారం పొద్దున పోయారు. నేను చెరకు చేలో ఉండగా కిరాణా కొట్టు పొరుగాయన వచ్చి చెప్పాడు.

"మీ మావ పాకలో కూర్చునే ఉన్నాడమ్మా. పిలిస్తే పలకడం లేదు."

"పిలిస్తే ఆయన ఎప్పుడు పలికారు గనక" అన్నాను. అతను తల దించుకున్నాక గాని నాకు అర్థం కాలేదు.

ఆ పొద్దున గంజి తాగమని మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ "ఆతాన్" అన్నారు. ఆతాన్ అంటే ఈ దీవి క్రియోల్లో ఆగమని. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా, ఆగమనడానికి మాత్రం ఆయనకు ఆ మాటే కావాలి. నాలుగోసారి పిలవకుండా విసుక్కుని చేనికి వెళ్ళిపోయాను.

ఆయన పాంప్లెమూస్ ఊరి దగ్గర ఒక చెరకు ఎస్టేటులో గిడ్డంగి చూసేవారు. పెద్ద యుద్ధం అయిపోయాక పాత దొరలు ఎస్టేటు అమ్ముకుని ఓడెక్కారు. గిడ్డంగి ఖాళీ చేస్తుంటే చిరిగిన గోనెల అడుగున ఒక రేకు పెట్టె దొరికింది. పారేయమన్నారు కొత్తవాళ్ళు. ఆయన దాన్ని ఎద్దుబండి మీద ఇంటికి తెచ్చారు. బట్టలేమోనని నేను ఆశపడ్డాను. మూత తీస్తే బూజు వాసన, మూడు కెమెరాలు, గుడ్డలో చుట్టిన నాలుగు లెన్సులు. రెండు కెమెరాలు చెదలు తినేసినవి. మూడోది మడత కెమెరా. మూత తెరిస్తే ఎర్ర తోలు సంచి మడతలు మడతలుగా ముందుకు సాగుతుంది, దాని మూతికి ఇత్తడి గొట్టంలో లెన్సు.

అప్పుడు మామ్మ ఉండేది, ఆయన తల్లి. తోలు సంచిని తడిమి చూసి అడిగింది.

"దీంతో నాకో పటం తీస్తావేట్రా?"

"తీస్తానమ్మా."

"ఓడ దిగినప్పుడు మీ అయ్యకి తీసినారు, కూలీ కాగితానికి అంటించడానికి. నాకు తీయనేదు. ఆడదాని మొకం ఎవరిక్కావాల అన్నారు. నా కళ్ళల్లో పొర మూసీకముందు తీయి. నాను సూసుకోవాల."

అడిగింది ఇంతే. మామ్మకు ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోదాన్లో పొర కమ్ముతోంది. మరొకరైతే మర్నాడే పోర్ట్ లూయీ పట్నం వెళ్ళి ఫిల్ము తెచ్చి, ముసలిదాన్ని కూర్చోబెట్టి తీసేసేవారు. మా మావయ్య పరీక్ష మొదలుపెట్టారు.

మొదట మీట నొక్కడం, చెవి ఆనించి వినడం. టిక్కుమనే చప్పుడు ప్రతిసారీ ఒకేలా ఉండాలట. వారం రోజులు అదే. తర్వాత తోలు సంచి. దానికి నల్లగుడ్డ కావాలన్నారు. నేను చూసేసరికి నా గొడుగు ఊచలు మాత్రమే మిగిలాయి. అది వానాకాలం. ఆ గుడ్డ తల మీద కప్పుకుని, కెమెరా వెనక తలుపు తీసి, ఎండకేసి పట్టి లోపలికి చూసేవారు.

"అమ్మాయ్, రా. చూడు. ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టు."

పొయ్యి మీద పప్పు పొంగుతుంటే వెళ్ళి తల దూర్చాను. చీకట్లో సన్నటి చుక్కలు మెరుస్తున్నాయి. పదకొండు.

"ఒక్కో చుక్కా ఒక్కో చిల్లు. ఒక్కటున్నా వెలుతురు దొంగలా దూరుతుంది" అన్నారు. మానియొక్ అనే కర్రపెండలం దుంప గంజిలో దీపపు మసి కలిపి, పాత గ్లవుజుల తోలు అతికేవారు. అది ఆరాలి. ఆరాక మళ్ళీ చూడాలి. ఒకటి మూస్తే పక్కన మరొకటి పుట్టేది.

చివరికి ఒక ఫిల్ము తెచ్చారు. ఆరు బొమ్మలొస్తాయి. మామ్మ తలదువ్వుకుని కూర్చుంటే ఆమెను కాదని నూతి గోడను, ఎద్దును, నన్ను తీశారు.

"అదేట్రా, ఎద్దుకన్నా కానిదాన్నా?" అంది మామ్మ.

"ఇది పరీక్షమ్మా. పరీక్ష నీ మీద చెయ్యను."

ఆ ఆరూ పట్నంలో కడిగిస్తే, అన్నిటికీ అడ్డంగా తెల్లచార వచ్చింది. పన్నెండో చిల్లన్నమాట.

ఇక నా తప్పు. శుక్రవారం దీపపు కుందులు తోముతున్నాను. కిటికీ గట్టు మీద, ఆయన కెమెరా నుంచి విప్పిపెట్టిన ఇత్తడి గొట్టం నల్లగా కనిపించింది. ఏదో కుంది తాలూకు ముక్క అనుకున్నాను. చింతపండు, బూడిద పెట్టి పసిడిలా మెరిసేదాకా తోమి, నీళ్ళలో ముంచి ఎండబెట్టాను. చింతపండు పులుసు లోపలి అద్దాల మధ్యకు దిగింది. మావయ్య దాన్ని వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశారు. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

"బాగానే మెరుస్తోంది" అని పాకలోకి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

దాన్ని విప్పి, అద్దానికీ అద్దానికీ మధ్య మరక తీసి, మళ్ళీ బిగించడానికి మూడు నెలలు పట్టింది. తుడవడానికి నా పెళ్ళిచీర చెరగు అడిగారు, మెత్తనిదట. తప్పు నాది కాబట్టి ఇచ్చాను. కొట్టు పొరుగాయన రోజూ అడిగేవాడు.

"ఏం అన్నా, ముసలమ్మ పటం వచ్చిందా, లేక ముసలమ్మే వెళ్ళిపోతుందా?"

మా ఆయనకు ఒళ్ళు మండింది. "పట్నం తీసుకెళ్ళి స్టూడియోలో తీయిద్దాం. మామ్మకు తన చేతి వేళ్ళే కనిపించట్లేదు" అన్నాడు.

"ఆతాన్" అన్నారు మావయ్య. "ఆమెకు ఒకటే పటం. తప్పు పటం చూసి కళ్ళు మూసుకోకూడదు."

ఇద్దరూ నెలరోజులు మాట్లాడుకోలేదు. మధ్యన అన్నం వడ్డించేదాన్ని నేను.

చెరకు నరుకుడు మొదలైన రోజుల్లో ఒకనాడు చేని పక్క నల్లరాళ్ళ కుప్ప ముందు పీట వేసి మామ్మను కూర్చోబెట్టారు. అక్కడ వెలుతురు ఎదురుగా పడుతుందట. దూరం తాడుతో కొలిచారు. మళ్ళీ కొలిచారు. ఈలోగా మామ్మ కూర్చునే నిద్రపోయింది.

"ఇప్పుడే నొక్కండి మావయ్యా, కదలదు" అన్నాను.

"నిద్రలో తీసేది పోయినవాళ్ళకి" అన్నారు. లేచేదాకా గుడ్డ కప్పుకుని నిలబడ్డారు. లేచేసరికి మబ్బు పట్టింది. మర్నాడు మళ్ళీ పీట, మళ్ళీ తాడు. మూడోనాటికి గాని మీట నొక్కలేదు.

పటం వచ్చిన రోజు మామ్మ దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, బాగున్న కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుంది. ముడతలు, చెవిపోగులు, చీర అంచు, ఒక్కోటీ స్పష్టంగా ఉన్నాయి. ఎక్కడా చార లేదు, మరక లేదు. ఆమె పటం మీద వేలు పెట్టి చెంప నిమిరింది.

"ఈ పటం నీకెక్కడిదిరా?" అంది చివరికి.

"నేను తీసిందే కదమ్మా."

"ఇది మా అమ్మరా. ఓడెక్కినప్పుడు రేవు దగ్గర ఒగ్గీసి వచ్చినాను. ఇలాగే ఉన్నాది."

"కాదు మామ్మా, అది నువ్వే" అనబోయాడు మా ఆయన. మావయ్య అతని మోచెయ్యి పట్టుకున్నారు.

"ఆతాన్. చూసుకోనీ."

మామ్మ పటాన్ని దేవుడి గూట్లో పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. తర్వాత రెండు నెలలకు రెండో కన్ను కూడా మూసుకుపోయింది. చూపు పోయాక కూడా పొద్దునే గూట్లోకి చెయ్యి పెట్టి తడిమేది. ఏడాదిపాటు మమ్మల్ని విసిగించి ఆయన తీసిన పటాన్ని ఆమె ఒక్కరోజు కూడా తనదని ఒప్పుకోలేదు. ఆయనకు దాంతో బాధ ఉన్నట్టు కనబడలేదు.

మావయ్య దశదినాలు అయ్యాక పాక సర్దుతున్నాను. అన్నీ డబ్బాలే. మరలు, రేకు ముక్కలు, తోలు పేలికలు. దేన్ని పారేయాలో ఏది ఉంచాలో చెప్పకుండా పోయారు. మడత కెమెరా బల్ల మీద ఉంది, ఖాళీగా. పక్కన నా గొడుగు గుడ్డ, ఇన్నేళ్ళ తర్వాత కూడా.

గుడ్డ కప్పుకుని వెనక తలుపు తీసి ఎండకేసి పట్టాను. మొదటి మడత నుంచి ఆఖరి మడత దాకా చూశాను. ఒక్క చుక్క లేదు. నూతి లోపల ఉన్నంత చీకటి.

బయట మా ఆయన అన్నం చల్లారిపోతోందని పిలుస్తున్నాడు. నేను మళ్ళీ మొదటి మడత దగ్గరికి వచ్చి చూడడం మొదలుపెట్టాను.